బతికున్న లింఫ్ నోడ్‌లో టీ-కణాల నడకను చూడటం: మా బల్ల మీద జరిగే పని

చిట్టెలుక వెనక కాలికి, మోకాలి వెనక గుంటలో ఆవగింజంత లింఫ్ నోడ్ (రోగనిరోధక కణాలు పోగయ్యే గ్రంథి) ఒకటి ఉంటుంది. ఆ పాదంలో సూదితో ఏం ఎక్కించినా ముందు చేరేది అక్కడికే. రోగకారకాలను గుర్తుపట్టి స్పందించే టీ-కణాలూ, ఆ రోగకారకాల ముక్కలను తెచ్చి వాటికి చూపించే డెండ్రైటిక్ కణాలూ ఒకదాన్నొకటి వెతుక్కునే చోటు అది. ఎలుక ఊపిరి తీస్తుండగా, రక్తం పారుతుండగా ఆ వెతుకులాటను సూటిగా చూడాలంటే ఇప్పటికీ దీన్ని మించిన చోటు లేదని మా అభిప్రాయం.

2002కు ముందు ఈ కణాల గురించి తెలిసిందంతా దాదాపుగా కోసి రంగు వేసిన పొరల నుంచీ, గాజు గిన్నెలో పెంచిన కణాల నుంచీ వచ్చిందే. ఆ ఏడాది జూన్‌లో సైన్స్ పత్రిక ఒకే సంచికలో మూడు పత్రాలు వేసింది. టీ-కణాలు కణజాలం లోపల గబగబా, దిక్కు మార్చుకుంటూ తిరుగుతాయని అప్పుడు తెలిసింది. అయితే ఆ ప్రయోగాల్లో అవయవాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపిన వెచ్చటి ద్రవంలో ఉంచి చూశారు. 2004లో మెంపెల్, హెన్రిక్సన్, వాన్ ఆండ్రియన్ మత్తులో ఉన్న ఎలుకలోనే, ఈ మోకాలి వెనక నోడ్‌లోనే చూసి నేచర్‌లో రాశారు. నోడ్‌లోకి వచ్చిన మొదటి ఎనిమిది గంటలు టీ-కణాలు డెండ్రైటిక్ కణాలను తాకి తాకి వెళ్లిపోతాయి. తరవాత పన్నెండు గంటలు అంటుకుని నిలబడతాయి. రెండో రోజు మళ్లీ విడిపోయి పరుగెత్తుతాయి, విభజన మొదలెడతాయి. ఆ మూడు దశలూ ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి.

కొత్తగా చేరిన విద్యార్థులు లేజర్‌తో కణజాలం లోపలికి చూసే టూ-ఫోటాన్ మైక్రోస్కోప్ నేర్చుకుంటే చాలనుకుంటారు. మైక్రోస్కోప్ మీటలు రెండు వారాల్లో వస్తాయి. నెలలు పట్టేది కణజాలాన్ని బతికించడం. మామూలు స్థితిలో టీ-కణం సగటున నిమిషానికి 10 నుంచి 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) నడుస్తుంది, యాంటీబాడీలు చేసే బీ-కణం 6 దగ్గర. మీ వీడియోలో టీ-కణాలు 5 దగ్గర నడుస్తుంటే అది మందు ప్రభావమో జన్యువు ప్రభావమో అనుకోవడానికి ముందు మూడింటిని అనుమానించాలి: వేడి, రక్తం, లేజర్. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ మూడింటి గురించే.

పని మొదలయ్యేది అనుమతితో. మన దేశంలో సంస్థ జంతు నైతిక కమిటీ ఆమోదం లేకుండా ఎలుకను ముట్టుకోకూడదు. ఇది ఎలుకను మళ్లీ లేపని శస్త్రచికిత్స అనీ, మత్తు ఎంతసేపు ఉంటుందో, దాని లోతును ఎలా చూస్తారో, నొప్పి మందు ఏమిటో, చివర ఎలా ముగిస్తారో దరఖాస్తులో స్పష్టంగా రాయాలి. దరఖాస్తు వెనక్కి వచ్చేది సాధారణంగా మత్తు పర్యవేక్షణ దగ్గరే, కాబట్టి దాన్ని గంట గంటకూ ఏం చేస్తారో విడమర్చి రాయడం మేలు.

కణాల తయారీ రోజుల ముందే మొదలవుతుంది. దాత ఎలుక ప్లీహం, లింఫ్ నోడ్‌ల నుంచి టీ-కణాలను అయస్కాంత పూసలతో వేరుచేస్తాం, అదీ మనకు అక్కర్లేని కణాలను పట్టి తీసేసే పద్ధతిలో. కావలసిన కణాన్నే యాంటీబాడీతో పట్టుకుంటే ఆ యాంటీబాడీ దాని మీదే మిగిలి ప్రవర్తనను మార్చవచ్చు. రంగు వేసేముందు బతికున్న కణాలు 95 శాతం పైన ఉండాలి. పచ్చగా మెరిసే సీఎఫ్‌ఎస్‌ఈ రంగు అయితే 1 నుంచి 5 మైక్రోమోలార్, నారింజగా మెరిసే సీఎమ్‌టీఎమ్‌ఆర్ అయితే 5 నుంచి 10. రెండూ 37 డిగ్రీల దగ్గర, పావుగంట అటూ ఇటూ. రంగు కలిపే ద్రవంలో సీరం ఉండకూడదు, ఉంటే రంగు ప్రోటీన్‌కే అంటుకుపోతుంది. సమయం కాగానే సీరం ఉన్న మీడియం పోసి ఆపేయాలి. సీఎమ్‌టీఎమ్‌ఆర్ మోతాదు పెరిగితే కణాలు అందంగా మెరుస్తాయి, కానీ సరిగా నడవవు. అందుకే రెండు రకాల కణాలను పోల్చే ప్రతి ప్రయోగాన్నీ రంగులు తారుమారు చేసి మళ్లీ చేయాలి. రంగు మారినప్పుడు తేడా కూడా తలకిందులైతే అది రంగు చేసిన పనే.

విభజన మొదలయ్యాక సీఎఫ్‌ఎస్‌ఈ ప్రతి తరంలో సగానికి తగ్గుతుంది. రెండో రోజు దాటి చూడాలంటే మెరిసే ప్రోటీన్లయిన జీఎఫ్‌పీ గానీ టీడీటొమాటో గానీ పుట్టుకతోనే ఉన్న ఎలుకల నుంచి కణాలు తీసుకోవడమే దారి.

డెండ్రైటిక్ కణాలను ఎముక మజ్జ నుంచి పెంచి, ఎల్‌పీఎస్ అనే బాక్టీరియా పదార్థంతో పరిపక్వం చేసి, టీ-కణాలు గుర్తుపట్టే ప్రోటీన్ ముక్క (పెప్టైడ్) పట్టించి, 5 నుంచి 10 లక్షల కణాలను 20 మైక్రోలీటర్లలో పాదంలోకి ఎక్కిస్తాం. అవి నోడ్ చేరడానికి 18 నుంచి 24 గంటలు పడుతుంది. టీ-కణాలు 20 నుంచి 50 లక్షలు తోక సిరలోకి వెళ్తాయి. దశలవారీగా చూడాలంటే ఒక మెళకువ తప్పనిసరి: టీ-కణాలు ఎక్కించిన రెండు గంటలకు టీ-కణాలు నోడ్‌లోకి దిగడానికి వాడే సీడీ62ఎల్ అనే అణువును అడ్డుకునే యాంటీబాడీ 100 మైక్రోగ్రాములు ఇవ్వాలి. అప్పటికి నోడ్‌లో చేరినవి చేరినట్టే, ఆ తరవాత కొత్తవి రావు. ఇది ఇవ్వకపోతే తెర మీద కనిపించే కణాల్లో ఒకటి పది గంటల కిందట వచ్చింది, ఇంకొకటి పది నిమిషాల కిందట వచ్చింది. ఏది ఏ దశలో ఉందో చెప్పే ఆధారం ఉండదు.

శస్త్రచికిత్సకు వెంట్రుకలు తీయడం చాలా జాగ్రత్తగా చేయాలి. ముందు క్లిప్పర్, తరవాత వెంట్రుకలు రాల్చే క్రీమ్ ఒక నిమిషం, వెంటనే తడి గాజుగుడ్డతో రెండు మూడుసార్లు తుడవడం. క్రీమ్ ఎక్కువసేపు ఉంటే చర్మం మండి న్యూట్రోఫిల్స్ (గాయం దగ్గరికి ముందుగా చేరే తెల్లకణాలు) పోగవుతాయి. నల్ల ఎలుక వెంట్రుక ఒక్కటి కవర్‌స్లిప్ కింద మిగిలినా లేజర్ తగలగానే మెలనిన్ వేడెక్కి అక్కడ బుడగ లేస్తుంది, కణజాలం కాలుతుంది. చెవి చర్మం చూసేవాళ్లు బ్లాక్ 6 అనే నల్ల ఎలుక జాతిలో తెల్ల రకాన్ని వాడేది ఇందుకే.

మత్తుకు ఐసోఫ్లూరేన్ మంచిది. ఆక్సిజన్‌లో 2 నుంచి 3 శాతంతో పడుకోబెట్టి, 1 నుంచి 1.5 మధ్య నిలపాలి. కీటమిన్, జైలజిన్ సూదితోనూ జరుగుతుంది గానీ మధ్యలో మళ్లీ మళ్లీ పొడవాలి, ప్రతిసారీ ఎలుక కదులుతుంది, ఫోకస్ పోతుంది. కాలి వేలు నొక్కితే వెనక్కి లాక్కోకూడదు, ఊపిరి మాత్రం సాఫీగా సాగాలి. ఊపిరి వేగం పెరిగేకొద్దీ మత్తు తక్కువైనట్టు. ఆగి ఆగి ఎగశ్వాసలా తీస్తుంటే మత్తు ఎక్కువైనట్టు, అప్పుడు కణజాలానికి ఆక్సిజన్ తగ్గుతుంది, కణాలు నెమ్మదిస్తాయి. కళ్లకు ఆయింట్‌మెంట్ రాయాలి. చర్మం కింద గంటకు 100 నుంచి 200 మైక్రోలీటర్ల వెచ్చటి సెలైన్ ఇవ్వాలి.

ఎలుకను బోర్లా పడుకోబెట్టి, వెనక కాలు చాపి, పాదాన్నీ తోక మొదలునూ వేదికకు కదలకుండా బిగిస్తాం. తుంటి ఎముక దగ్గర ఒక క్లాంప్ పెడితే ఊపిరి కదలిక కాలి దాకా రాదు. బిగించడం అంటే పిండేయడం కాదు. పాదం రంగు గులాబీగానే ఉండాలి, తెల్లబడినా నీలంగా మారినా వెంటనే వదులు చేయాలి.

కోత మోకాలి వెనక గుంట మీద, సెంటీమీటరు లోపు. స్టీరియో మైక్రోస్కోప్ కింద చూస్తూ సిర వెంబడి వెళ్తే దాని పక్కనే కొవ్వులో దాగిన నోడ్ కనిపిస్తుంది. కొవ్వును సన్నటి పటకారుతో కొంచెం కొంచెంగా పక్కకు తీయాలి. లాగకూడదు. నోడ్‌లోకి వచ్చే లింఫ్ నాళాలు ఆ కొవ్వులోనే ఉంటాయి, కంటికి దాదాపుగా కనిపించవు. అవి తెగితే నోడ్ బాగున్నట్టే కనిపిస్తుంది, లోపల ప్రవాహం ఆగిపోయి ఉంటుంది. కొవ్వు బొత్తిగా తీయకపోయినా కష్టమే, ఎందుకంటే అది కాంతిని చెదరగొట్టి 100 మైక్రాన్ల కింద ఏమీ కనపడనివ్వదు. మనం చూసే ముఖం మీద మాత్రమే తీసి, అంచుల్లో వదిలేయడం మా పద్ధతి. రక్తస్రావం అయితే ఆ నోడ్‌ను వాడం. హీమోగ్లోబిన్ కాంతిని మింగేస్తుంది, గడ్డకట్టిన రక్తం న్యూట్రోఫిల్స్‌ను పిలుస్తుంది. సెలైన్‌తో కడిగి నెట్టుకొద్దామని అందరికీ అనిపిస్తుంది, అలా తీసిన డేటాను తరవాత ఎవరూ నమ్మలేరు.

నోడ్ చుట్టూ వాక్యూమ్ గ్రీజుతో గట్టు కట్టి, లోపల వెచ్చటి సెలైన్ నింపి, పైన కవర్‌స్లిప్ పెడతాం. గాజు నోడ్‌ను తాకాలి, నొక్కకూడదు. నొక్కుకుందో లేదో తెలుసుకోవడానికి కంటిచూపు సరిపోదు. 70 కిలోడాల్టన్ డెక్స్‌ట్రాన్ అనే పెద్ద చక్కెర అణువును ఎరుపు రంగుతో సిరలోకి ఎక్కిస్తే రక్తనాళాలు వెలుగుతాయి, ఎర్రకణాలు వాటిలో నల్లటి నీడల్లా పరుగెత్తుతాయి. ఆ నీడలను విడివిడిగా లెక్కపెట్టగలుగుతున్నారంటే ప్రవాహం మందగించింది. నిలిచిపోయి కనిపిస్తే కవర్‌స్లిప్‌ను వెంట్రుకవాసి పైకెత్తి ఐదు నిమిషాలు చూడాలి. అప్పటికీ కదలకపోతే ఆ రోజు పని ఆపేయాలి.

ఇక వేడి సంగతి. ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. ఎలుక కింద వేడి ప్యాడ్ ఉంటుంది, పురీషనాళంలో పెట్టిన ప్రోబ్ 37 చూపిస్తుంది, అందరూ నిశ్చింతగా ఉంటారు. కానీ తెరిచిన కాలి మీద ఉన్న నోడ్‌కు ఆ 37 అందదు. దాని నెత్తిన నీటిలో ముంచే లెన్స్ ఉంటుంది. అరకిలోకు దగ్గర బరువుండే లోహపు ముద్ద, 21 డిగ్రీల గదిలో చల్లబడి, నోడ్ వేడిని నీటి ద్వారా లాగేస్తుంటుంది. టీ-కణాల నడక వేడి మీద గట్టిగా ఆధారపడింది. కొన్ని డిగ్రీలు తగ్గితే వేగం స్పష్టంగా పడిపోతుంది, గది వేడికి చేరితే దాదాపు నిలబడిపోతాయి. కాబట్టి మూడు పనులు చేస్తాం. లెన్స్‌కు హీటర్ పట్టీ చుడతాం. కవర్‌స్లిప్ చుట్టూ ఉన్న లోహపు రింగులో వెచ్చటి నీరు తిప్పుతాం. సన్నటి థర్మోకపుల్‌ను (వేడి కొలిచే తీగను) నోడ్ పక్కనే, గ్రీజు గట్టు లోపల ఉంచి, అక్కడ 36.5 నుంచి 37 వచ్చేలా నీటి స్నానాన్ని సర్దుతాం. గొట్టాల్లో వేడి పోతుంది కాబట్టి స్నానంలో నీరు 37 కంటే చాలా డిగ్రీలు ఎక్కువ ఉండాల్సి వస్తుంది. ఎంత ఎక్కువ అన్నది గొట్టం పొడవును బట్టి, ఏసీని బట్టి మారుతుంది. రాసిపెట్టుకున్న అంకెను నమ్మకుండా ప్రతిసారీ థర్మోకపుల్‌నే చూడాలి. ప్రయోగ పత్రంలో రాయాల్సిన వేడి కూడా అదే, ప్యాడ్‌ది కాదు.

లెన్స్‌కూ గాజుకూ మధ్య నీరు ఆ వేడికి గంటలో ఆవిరైపోతుంది, బొమ్మ హఠాత్తుగా నల్లబడుతుంది. నీటి బదులు పారదర్శకమైన కార్బోమర్ కంటి జెల్ వాడితే రెండు మూడు గంటలు నిలుస్తుంది. జెల్‌లో బుడగలుంటే ముందే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి తీసేయాలి.

అన్నీ అమర్చాక వెంటనే రికార్డింగ్ మొదలెట్టకూడదు. లోహం వేడెక్కి వ్యాకోచిస్తుంది, కణజాలం కొంచెం ఉబ్బుతుంది, గ్రీజు సర్దుకుంటుంది. అరగంట ఆగితే బొమ్మ నిలువుగా జారడం చాలావరకు తగ్గుతుంది. ఆ అరగంటలో నోడ్ పటం గీసుకోవచ్చు.

టూ-ఫోటాన్ (రెండు కాంతి కణాలు ఒకేసారి తగిలి రంగును వెలిగించే పద్ధతి) ఎందుకంటే, పొడవైన తరంగం తక్కువ చెదురుతుంది, ఉద్దీపన ఫోకస్ దగ్గర మాత్రమే జరుగుతుంది. 1931లో మరియా గోపర్ట్ మేయర్ సిద్ధాంతంగా చెప్పినదాన్ని 1990లో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ మైక్రోస్కోప్‌గా చేసి చూపించారు. సీఎఫ్‌ఎస్‌ఈ, సీఎమ్‌టీఎమ్‌ఆర్ జంటకు 800 నుంచి 820 నానోమీటర్లు, జీఎఫ్‌పీకి 900 నుంచి 920, టీడీటొమాటోకు 1040 పైన. 920 దగ్గర కొల్లాజెన్ ఏ రంగూ వేయకుండానే 460లో సెకండ్ హార్మోనిక్ సంకేతం (సరిగ్గా సగం తరంగదైర్ఘ్యంతో వచ్చే కాంతి) ఇస్తుంది. నోడ్ పైపొర నీలంగా కనిపించేది అందుకే. ఆ నీలం ఛానల్‌ను ఎప్పుడూ రికార్డు చేయండి. లోతు కొలవడానికి అదే సున్నా, తరవాత జారుడు సరిచేయడానికీ అదే ఆధారం, కొల్లాజెన్ నడవదు కాబట్టి.

టీ-కణాల ప్రాంతం పైపొర నుంచి 100, 150 మైక్రాన్ల కింద మొదలవుతుంది. అంతకంటే పైన బీ-కణాల గుంపులు. కొత్తవాళ్లు 60 మైక్రాన్ల దగ్గర మెరిసే కణాలు దొరకగానే ఆగిపోతారు, అక్కడి టీ-కణాలను చూసి లోపలి వాటి మీద నిర్ణయం చెబుతారు. 300 దాటితే మా పరికరంలో సంకేతం నమ్మదగ్గదిగా ఉండదు.

మామూలుగా మేం తీసేది 12 పొరలు, 4 మైక్రాన్ల ఎడంతో, అంటే 44 మైక్రాన్ల మందం, 20 సెకన్లకొకసారి, 30 నుంచి 60 నిమిషాలు. ఈ అంకెల వెనక లెక్క ఉంది. నిమిషానికి 10 మైక్రాన్లు నడిచే కణం 20 సెకన్లలో 3 మైక్రాన్ల పైచిలుకు కదులుతుంది. కణం వెడల్పు 7 దాకా ఉంటుంది. అంటే ఒక ఫ్రేములో ఉన్న చోటికీ తరవాతి ఫ్రేములో ఉన్న చోటికీ మధ్య అతివ్యాప్తి ఉంటుంది, అది అదే కణమని చెప్పగలం. విరామాన్ని నిమిషం చేస్తే కణం తన వెడల్పును మించి జరిగిపోతుంది, పక్క కణంతో కలిసిపోతుంది, వంకరటింకర దారి తిన్నగా కనిపించి వేగం తక్కువగా లెక్కకొస్తుంది. 512 పిక్సెళ్ల చదరం, మూడు ఛానళ్లు, 16 బిట్లు అనుకుంటే గంట రికార్డింగ్ 3.4 గిగాబైట్ల దగ్గర ఉంటుంది. డిస్కు ముందే ఖాళీ చేసుకోవాలి.

లేజర్ శక్తిని లెన్స్ కింద మీటర్ పెట్టి కొలవాలి, సాఫ్ట్‌వేర్‌లో కనిపించే శాతం ఏమీ చెప్పదు. పైపొరల్లో 10 నుంచి 20 మిల్లీవాట్లు, లోతులో 50 దాకా. శక్తి రెట్టింపైతే సంకేతం నాలుగింతలవుతుంది, అందువల్ల కొంచెం పెంచుదామనే ఆశ బలంగా ఉంటుంది. హాని అంతకంటే వేగంగా పెరుగుతుంది. ముందు గదిలోకి చొరబడే దొంగ వెలుతురును పట్టుకోండి: మత్తు యంత్రం మీద పచ్చ బల్బు, మానిటర్ కాంతి, తలుపు కింద సందు. గది నిజంగా చీకటైతే డిటెక్టర్ గెయిన్ పెంచుకోవచ్చు, లేజర్ తగ్గించుకోవచ్చు.

కాలిన గుర్తులు ఇవి: స్కాన్ చేసిన చదరంలోనే కణాలు గుండ్రంగా మారి నిలిచిపోవడం, అన్ని ఛానళ్లలో ఒకేసారి మెరిసే చుక్కలు పుట్టడం, తరవాత చుట్టుపక్కల నుంచి న్యూట్రోఫిల్స్ ఆ చదరంలోకి గుంపుగా రావడం. కావాలని లేజర్‌తో చిన్న గాయం చేసి ఇదే గుంపును చదివే ప్రయోగాలున్నాయి. ఎల్‌టీబీ4 అనే లిపిడ్ ఆ పిలుపును దూరందాకా మోస్తుందని 2013లో లేమర్‌మన్ బృందం నేచర్‌లో చూపించింది. మనకు అక్కర్లేని చోట అదే గుంపు కనిపిస్తే మన లేజరే గాయం చేసిందన్నమాట. అనుమానం ఉంటే కొలిచే పద్ధతి తేలిక: మొదటి పది నిమిషాల సగటు వేగం, చివరి పది నిమిషాల సగటు వేగం పక్కపక్కన పెట్టండి. తగ్గితే స్టేజీని 500 మైక్రాన్లు జరిపి లేజర్ తగలని చోట చూడండి. అక్కడ మామూలుగా నడుస్తుంటే తప్పు లేజర్‌ది. అక్కడా నెమ్మదిగానే ఉంటే వేడో రక్తమో.

విశ్లేషణలో మొదటి అడుగు జారుడు సరిచేయడం. ఫిజీ అనే బొమ్మల విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా దొరికే త్రీడీ డ్రిఫ్ట్ ప్లగిన్‌కు నీలం ఛానల్ ఇస్తే సరిపోతుంది. తరవాత ట్రాకింగ్. సాఫ్ట్‌వేర్ గీసిన దారులను ఒక మనిషి కూర్చుని చూడాలి, రెండు కణాలు దాటుకున్న చోట దారులు తారుమారవుతాయి. కణం కేంద్రాన్ని గుర్తించడంలో ఫ్రేముకు అర మైక్రాన్ తేడా వచ్చినా 20 సెకన్ల విరామంలో అది నిమిషానికి 1.5 మైక్రాన్ల లేని వేగంగా మారుతుంది. చచ్చిన కణానికి కూడా ఆ వేగం ఉంటుంది. అందుకే నిలిచిపోయిన కణానికి హద్దును నిమిషానికి 2 మైక్రాన్ల దగ్గర పెడతాం, కణజాలంలో కదలని మచ్చలను కొలిచి ఆ హద్దు సరైనదో కాదో చూసుకుంటాం.

44 మైక్రాన్ల మందంలోంచి వేగమైన కణాలు త్వరగా బయటికి పోతాయి, నెమ్మది కణాలు ఎక్కువసేపు ఉంటాయి. అదే వేగమైన కణం బయటికెళ్లి తిరిగొస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని రెండుగా లెక్కిస్తుంది. కనీసం ఐదు నిమిషాలుండే దారులనే తీసుకుంటే నెమ్మది కణాలవైపు మొగ్గు ఇంకా పెరుగుతుంది, కాబట్టి ఆ హద్దు ఎంత పెట్టారో తప్పక రాయాలి. సగటు వేగం ఒక్కటే సరిపోదు. గుండ్రంగా తిరిగే కణానికీ తిన్నగా వెళ్లే కణానికీ అదే వేగం రావచ్చు, అందుకే దూరం వర్గాన్ని కాలంతో పోల్చి చలన గుణకం (కణం ఎంత త్వరగా కొత్త చోట్లకు విస్తరిస్తుందో చెప్పే అంకె) తీస్తాం, త్రీడీలో కాలానికి ఆరు రెట్లతో భాగించి.

రికార్డింగ్ అయ్యాక ఎలుకను లేపకుండా, మత్తులోనే ముగిస్తాం. వెంటనే చూసిన నోడ్‌నూ రెండో కాలి నోడ్‌నూ తీసి ఫ్లో సైటోమెట్రీలో (కణాలను ఒక్కొక్కటిగా గుర్తించి లెక్కించే పద్ధతిలో) న్యూట్రోఫిల్స్ లెక్కిస్తాం. రెండో కాలి పాదంలోనూ అదే రోజు అవే డెండ్రైటిక్ కణాలు ఎక్కించి ఉండాలి, లేకపోతే పోలిక చెల్లదు. చూసిన నోడ్‌లో న్యూట్రోఫిల్స్ చాలా ఎక్కువుంటే వీడియో ఎంత బాగున్నా పక్కన పెడతాం. ఇక సంఖ్యల సంగతి: ఒక ఎలుకలో 300 కణాలను ట్రాక్ చేసినా అది ఒక ఎలుకే. గణాంక పరీక్షలో లెక్కించాల్సింది ఎలుకలను, కణాలను కాదు. కనీసం నాలుగైదు ఎలుకలు, వీలైతే వేర్వేరు రోజుల్లో, రెండు రకాల కణాలనూ ఒకే నోడ్‌లో పక్కపక్కన ఎక్కించి చూడాలి. అప్పుడు వేడిలో, రక్తంలో వచ్చే తేడా రెండింటికీ ఒకేలా తగులుతుంది.